పాకజగుణాలు, పదార్థపు మార్పులు: 'తర్కసంగ్రహం'పై విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

పదార్థంలో కలిగే మార్పులను భౌతికం, రసాయనికం అని రెండుగా విడదీయడం ఆధునిక విజ్ఞానబోధనలోని తొలి పాఠాల్లో ఒకటి. ఆంధ్రదేశీయుడైన అన్నంభట్టు 17వ శతాబ్దిలో రచించిన 'తర్కసంగ్రహం'లోనూ, దానికి అతడే రాసుకున్న 'దీపిక' వ్యాఖ్యలోనూ అగ్నిసంయోగం వల్ల పదార్థపు గుణాలు మారే తీరుపై సూక్ష్మమైన చర్చ ఉంది. అందులోని పాకజగుణాలను రసాయనిక మార్పులుగానూ, నైమిత్తిక ద్రవత్వాన్ని భౌతిక మార్పుగానూ చూపడం సులభం. ఆ పోలిక ఎంతవరకు నిలుస్తుందో, ఎక్కడ తెగిపోతుందో నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం. కుండ, నెయ్యి, బంగారం, తాంబూలం అనే నాలుగు దృష్టాంతాలు, మార్పులను తెలిపే కొన్ని తెలుగు క్రియాపదాలు ఇందుకు ఆధారాలు.

కీలకపదాలు: తర్కసంగ్రహం, అన్నంభట్టు, న్యాయవైశేషికాలు, పాకజగుణాలు, పీలుపాకం, పిఠరపాకం, ద్రవత్వం, భౌతికమార్పు, రసాయనికమార్పు, శాస్త్రపరిభాష.

1. ప్రవేశిక

సంస్కృతంలో తర్కశాస్త్రాభ్యాసానికి ప్రవేశద్వారంగా తరతరాలుగా నిలిచిన గ్రంథం 'తర్కసంగ్రహం'. పిల్లలకు సులభంగా బోధపడాలన్నదే తన లక్ష్యమని గ్రంథకర్త ప్రారంభంలోనే చెప్పుకున్నాడు. అన్నంభట్టు ఆంధ్రదేశంలో పుట్టి కాశీలో కీర్తి గడించాడని సంప్రదాయం. కాశీకి వెళ్ళినంత మాత్రాన ఎవరూ అన్నంభట్టు కాలేరన్న లోకోక్తి అతని ప్రతిష్ఠకు గుర్తుగా మిగిలింది.

ఈ గ్రంథాన్ని సాధారణంగా ప్రమాణచర్చ కోసం, అంటే ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అనే జ్ఞానసాధనాల వివరణ కోసం చదువుతారు. ద్రవ్యగుణాల భాగాన్ని కంఠస్థం చేయవలసిన జాబితాగా దాటేయడం పరిపాటి. తొమ్మిది ద్రవ్యాలు, ఇరవైనాలుగు గుణాలు అని లెక్క అప్పగించడంతో ఆ భాగం ముగుస్తుంది. అయితే ఆ జాబితా వెనుక ఒక మౌలికమైన ప్రశ్న ఉంది. ఒక వస్తువు మారినప్పుడు మారింది దాని స్థితా, గుణమా, లేక ఆ వస్తువే పోయి మరొకటి పుట్టిందా? విజ్ఞానశాస్త్ర తరగతిలో విద్యార్థిని అడిగే ప్రశ్న కూడా దీనికి దగ్గరగానే ఉంటుంది.

ఈ సామ్యాన్ని ఆధారంగా చేసుకుని ప్రాచీనులకు రసాయనశాస్త్రం అంతా తెలుసునని చెప్పేవారు ఉన్నారు. ఆ గ్రంథాల్లో శాస్త్రదృష్టి ఏమీ లేదని తోసిపుచ్చేవారూ ఉన్నారు. ఈ రెండు తీర్పులూ గ్రంథాన్ని చదవవలసిన శ్రమను తప్పిస్తాయి. గ్రంథం ఏ ప్రశ్న వేసింది, ఏ యుక్తితో జవాబు చెప్పింది, ఆ యుక్తి పరీక్షకు నిలుస్తుందా అన్న మూడు అంశాలను వేరువేరుగా చూడడమే విమర్శకు తగిన మార్గం.

2. ఆధునిక విభజన: లక్షణాలు, పరిమితులు

ఒక పదార్థం వేరే పదార్థంగా మారకుండా ఆకారం, పరిమాణం, స్థితి మాత్రమే మారితే అది భౌతికమార్పు. మంచు నీరు కావడం, నీరు ఆవిరి కావడం ఇందుకు ఉదాహరణలు. అణువుల్లోని పరమాణువుల కూర్పు మారి కొత్త పదార్థం ఏర్పడితే అది రసాయనికమార్పు. కట్టె కాలడం, ఇనుము తుప్పు పట్టడం ఈ కోవకు చెందుతాయి. ధర్మాల విభజన కూడా దీన్నే అనుసరిస్తుంది. రంగు, సాంద్రత, ద్రవీభవన ఉష్ణోగ్రత వంటివి పదార్థపు గుర్తింపును చెరపకుండానే తెలుసుకోదగిన భౌతికధర్మాలు. మండే స్వభావం, ఆమ్లంతో చర్య జరిపే స్వభావం వంటివి ఆ పదార్థం మరొకటిగా మారితే తప్ప తెలియని రసాయనధర్మాలు.

నిర్వచనం ఇంత స్పష్టంగా ఉన్నా, బోధనలో దానికి బదులు కొన్ని బాహ్యచిహ్నాలు ప్రచారంలోకి వచ్చాయి. వెనక్కి మళ్ళేది భౌతికమార్పు, మళ్ళనిది రసాయనికమార్పు అన్నది వాటిలో ప్రధానమైనది. ఈ చిహ్నం అనేక సందర్భాల్లో తప్పుతుంది. గాజుపాత్ర పగిలితే తిరిగి అతకదు. అయినా ప్రతి ముక్కా గాజే. నీలిరంగు మైలుతుత్తాన్ని వేడిచేస్తే నీటిని కోల్పోయి తెల్లని పొడి అవుతుంది. నీటిచుక్క వేస్తే నీలిరంగు తిరిగి వస్తుంది. ఇది రసాయనికమార్పే, కానీ వెనక్కి మళ్ళింది. పసుపులో సున్నం కలిపితే ఎరుపెక్కుతుంది. దానిపై నిమ్మరసం పిండితే పసుపురంగు మళ్ళీ కనిపిస్తుంది. ఇదీ అటువంటిదే.

రెండో చిహ్నం రంగు మారడం. ఇనుపకడ్డీని కాల్చితే ఎర్రగా మెరిసి, చల్లారగానే మామూలు రంగుకు వస్తుంది. ఆ ఎరుపు వేడికి సంబంధించినదే తప్ప కొత్త పదార్థానిది కాదు. మూడో చిహ్నం ఘనం నేరుగా వాయువు కావడం. కర్పూరం ఆ విధంగా ఉత్పతనం చెందుతుంది; అది భౌతికమార్పు. పాత్రలకు కళాయి పూసేవారు వాడే నవాసారం కూడా వేడికి తెల్లని పొగగా లేచి, చల్లని చోట మళ్ళీ తెల్లగా పేరుకుంటుంది. కంటికి రెండూ ఒక్కటే. నిజానికి నవాసారం అమ్మోనియా, హైడ్రోజన్ క్లోరైడ్ అనే రెండు వాయువులుగా విడిపోయి, చల్లబడినప్పుడు తిరిగి కలుస్తుంది. ఒకే రకంగా కనిపించే రెండు మార్పుల్లో ఒకటి భౌతికం, మరొకటి రసాయనికం.

కాబట్టి ఆధునిక విభజనకు ప్రాణం బాహ్యచిహ్నాల్లో లేదు. మారిన తర్వాత మిగిలింది అదే పదార్థమా కాదా అన్న నిర్ణయంలో ఉంది. ఆ నిర్ణయాన్ని కన్ను ఒక్కటే చేయలేదు. తూకం, విశ్లేషణ, ఇతర పదార్థాలతో పరీక్ష అవసరమవుతాయి. ఈ గీటురాయితోనే 'తర్కసంగ్రహం'లోని విభజనను పరిశీలించాలి.

3. పృథివి, పాకజగుణాలు

న్యాయవైశేషికుల మతంలో రూపం, రసం, గంధం, స్పర్శ అనే నాలుగు గుణాలు పృథివీద్రవ్యంలో పాకజాలు, అనిత్యాలు. పాకం అంటే తేజస్సంయోగం, అనగా వేడితో కలయిక. దానివల్ల ముందున్న రూపాదులు నశించి, వేరే రూపాదులు పుడతాయి. జలం, తేజస్సు, వాయువు అనే ద్రవ్యాల్లో ఉండే రూపాదులు అపాకజాలు. అవి నిత్యమైన పరమాణువుల్లో నిత్యాలు, అనిత్యమైన కార్యద్రవ్యాల్లో అనిత్యాలు.

ఈ చిన్న సూత్రీకరణలో గమనించదగిన వివేచన ఉంది. నీటిని కాచితే వేడెక్కుతుంది. చల్లని స్పర్శ జలలక్షణం కదా, అది నశించి వేడిస్పర్శ పుట్టిందనవచ్చునా? తార్కికులు అలా అనరు. ఆ వేడి నీటిలో చేరిన తేజోభాగాలకు చెందినది. నీటి స్వగుణం చెక్కుచెదరలేదు. అందుకే పొయ్యి దించగానే నీరు మళ్ళీ చల్లబడుతుంది. పచ్చికుండ కాలినప్పుడు వచ్చిన ఎరుపు మాత్రం పొయ్యి ఆరినా పోదు. అది కుండకే చెందిన కొత్త గుణం. ఆగంతుకమైన గుణాన్నీ, వస్తువు సొంతం చేసుకున్న గుణాన్నీ ఈ విధంగా వేరుచేశారు. వేడి ఇనుపకడ్డీ ఎరుపునూ కాలిన కుండ ఎరుపునూ ఒకే గాటన కట్టే విద్యార్థికి ఈ భేదం ఇప్పటికీ ఉపయోగకరమే.

గంధవిషయంలోనూ ఇలాంటి యుక్తి ఒకటుంది. గంధం పృథివికి లక్షణమైతే రాతికి వాసన ఎందుకు లేదన్న ఆక్షేపణకు, రాతిని కాల్చిన భస్మంలో వాసన తెలుస్తుంది గనుక రాతిలోనూ అనుభవానికి రాని గంధం ఉందని 'సిద్ధాంతముక్తావళి' సమాధానం చెప్పింది. కాల్చడమనే పరీక్ష ద్వారా వస్తువు లోపలి స్వభావాన్ని ఊహించడం ఇందులోని బలం. భస్మంలో కనిపించిన గుణం రాతిలో ముందే ఉండితీరాలన్న నియమం ఇందులోని బలహీనత. మారిన పదార్థంలో కొత్త గుణం కొత్తగానే పుట్టవచ్చునన్న అవకాశాన్ని ఈ యుక్తి మూసివేసింది. సున్నపురాయిని కాల్చితే వచ్చే పొడిసున్నం నీటితో చేరి కుతకుత ఉడుకుతుంది. ఆ స్వభావం సున్నపురాయిలో దాగి ఉన్నది కాదు. బొగ్గుపులుసు వాయువును కోల్పోయిన తర్వాత ఏర్పడిన కొత్త పదార్థానిది.

4. కుండ ఎరుపు: పీలుపాక, పిఠరపాక వాదాలు

పాకజప్రక్రియ ఎక్కడ జరుగుతుందన్న విషయంలో వైశేషికులకూ నైయాయికులకూ భేదం ఉంది. 'దీపిక' ఈ రెండు మతాలనూ క్లుప్తంగా వివరించింది. పీలువు అంటే పరమాణువు. వైశేషికుల ప్రకారం ఆవంలోని నిప్పు తాకిడికి పచ్చికుండ పరమాణువుల వరకు విడిపోతుంది. ఆ విడి పరమాణువుల్లో నల్లని రూపం నశించి ఎర్రని రూపం పుడుతుంది. అవి మళ్ళీ ద్వ్యణుకాది క్రమంలో కూడి ఎర్రని కుండను ఏర్పరుస్తాయి. పిఠరం అంటే కుండ. నైయాయికుల ప్రకారం కుండ ఎక్కడా విడిపోదు. దానిలో సూక్ష్మరంధ్రాలు ఉంటాయి గనుక నిప్పు లోపలికి వ్యాపిస్తుంది. కుండ కుండగా ఉండగానే దాని పరమాణువులకూ, అవయవికీ ఒకేసారి రంగు మారుతుంది. ఆవం దించిన తర్వాత ఇది ఆ కుండే అన్న గుర్తింపు కలగడం వారికి ముఖ్యమైన ఆధారం.

ఈ వాదాన్ని తర్కక్రీడగా కొట్టిపారేయడం తగదు. అవయవిలోని గుణం అవయవాల గుణం నుంచే పుట్టాలన్నది వైశేషికుల నియమం. ఎర్రని దారాలతో నేస్తేనే ఎర్రని వస్త్రం వస్తుంది. ఆ నియమాన్ని నిలుపుకోవాలంటే, కుండ మారడానికి ముందు దాని అవయవాలు మారాలి. అవి గట్టిగా కూడి ఉండగా నిప్పు వాటిని తాకలేదు. అందుచేత కుండ విడిపోవలసిందే. నైయాయికులు కంటికి కనిపించేదాన్ని నిలుపుకున్నారు. వైశేషికులు సూక్ష్మస్థాయి కారణాన్ని నిలుపుకున్నారు. అనుభవానికీ సిద్ధాంతానికీ మధ్య ఘర్షణ వచ్చినప్పుడు దేన్ని సవరించాలన్నదే అసలు వివాదం.

ఆధునిక రసాయనం ఈ వివాదానికి ఏ తీర్పు చెబుతుంది? పచ్చికుండ ఎండేటప్పుడు మట్టిరేణువుల మధ్య ఉన్న నీరు పోతుంది. ఈ దశలో కుండను నీటిలో నానబెడితే మళ్ళీ మట్టి అవుతుంది, ఇది భౌతికమార్పు. ఆవంలో వేడి పెరిగి దాదాపు 450–600 డిగ్రీల సెల్సియస్‌కు చేరినప్పుడు బంకమన్నులోని కేయొలినైట్ అనే ఖనిజపు నిర్మాణంలో భాగమైన హైడ్రాక్సిల్ సమూహాలు నీటి ఆవిరిగా తొలగిపోతాయి. స్వచ్ఛమైన కేయొలినైట్ బరువులో దాదాపు 14 శాతం ఇలా తగ్గుతుంది. ఇకమీదట ఎంత నానబెట్టినా అది మామూలు మన్ను కాదు. మట్టిలోని ఇనుప సమ్మేళనాలు గాలిలోని ఆక్సిజన్ సమక్షంలో ఎర్రని ఐరన్ ఆక్సైడ్‌గా మారడం కుండ ఎరుపుకు కారణం.

దీన్నిబట్టి చూస్తే బంధాలు తెగి కొత్తగా ఏర్పడడమన్న భావం పీలుపాకవాదానికి దగ్గరగా, పాత్ర ఆకారం చెడకుండానే లోపల మార్పు జరగడమన్న భావం పిఠరపాకవాదానికి దగ్గరగా కనిపిస్తాయి. కానీ రెండు వాదాలకూ ఉమ్మడిగా ఉన్న ఆధారభావన ఆధునికశాస్త్రంలో లేదు. పరమాణువుకే రంగు ఉంటుందని ఇరువురూ అంగీకరించారు. నేటి దృష్టిలో రంగు విడి పరమాణువు మోసే గుణం కాదు. పరమాణువుల కూర్పు, వాటి ఎలక్ట్రాన్ల అమరిక కాంతితో వ్యవహరించే తీరు నుంచి ఏర్పడేది.

అంతకంటె ముఖ్యమైన లోపం మరొకటి ఉంది. పాకాన్ని తేజస్సంయోగంగా మాత్రమే నిర్వచించడంవల్ల కుండ మార్పులో గాలికి ఉన్న పాత్ర కనిపించకుండా పోయింది. ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల బృహత్ శిలాయుగ సమాధుల్లో దొరికే నలుపు-ఎరుపు మట్టిపాత్రలు దీనికి సాక్ష్యం. ఒకే పాత్రలో లోపలి భాగం, అంచు నల్లగా, వెలుపలి భాగం ఎర్రగా ఉంటాయి. గాలి తగిలిన చోట ఎరుపు, గాలి అందక బొగ్గు, పొగ పట్టిన చోట నలుపు ఏర్పడ్డాయి. వేడి రెండుచోట్లా ఉంది. ఫలితం మాత్రం వేరు. గాలిని మూసి కాల్చితే కుండ నలుపెక్కుతుందన్నది కుమ్మరివృత్తికి తెలిసిన విషయమే. అది శాస్త్రచర్చలోకి ప్రమాణంగా ప్రవేశించలేదు. దృష్టాంతం కుమ్మరి ఆవం నుంచి వచ్చింది గాని, కుమ్మరి అనుభవమంతా దానితోపాటు రాలేదు.

5. ద్రవత్వం: నీరు, నెయ్యి, బంగారం

ఇరవైనాలుగు గుణాల్లో ద్రవత్వం ఒకటి. ప్రవహించడానికి కారణమైన ఈ గుణం రెండు విధాలు. నీటిలో ఉండేది సాంసిద్ధికం, అనగా సహజం. పృథివీ తేజస్సుల్లో ఉండేది నైమిత్తికం, అనగా అగ్నిసంయోగమనే నిమిత్తంవల్ల కలిగేది. పృథివీసంబంధమైన నెయ్యిలోనూ, తేజస్సంబంధమైన బంగారంలోనూ కనిపించేది ఈ రెండోది. మంచు, వడగండ్లు గట్టిగా ఉంటాయి కదా అంటే, అవి జలమే. ప్రతిబంధకంవల్ల వాటి ద్రవత్వం అణగి ఉందని సమాధానం.

కరగడాన్ని పాకజగుణాల్లో చేర్చకుండా వేరే గుణంగా నిలపడం ఈ విభాగంలోని విశేషం. పేరుకున్న నెయ్యి కరిగినా నెయ్యే. వడగల్లు నీరైనా జలమే. స్థితి మారినంతమాత్రాన ద్రవ్యం మారదన్న ఈ నిశ్చయం భౌతికమార్పు భావనకు గ్రంథంలో అత్యంత సన్నిహితమైన స్థలం.

బంగారం తేజస్సుకు చెందినదని నిరూపించడానికి 'దీపిక' చెప్పిన యుక్తి ఇంకా ఆసక్తికరం. నెయ్యిని తీవ్రంగా కాచితే చివరికి దాని ద్రవత్వం నశిస్తుంది. బంగారాన్ని ఎంత కాచినా, అడ్డుపడే మరో వస్తువు లేకపోయినా, దాని ద్రవత్వం నశించదు. కనుక బంగారం పృథివి కాదు. దానిలో కనిపించే పసుపురంగు, బరువు దానితో కలిసి ఉన్న పార్థివభాగానివి.

ఇందులో నిజమైన పరిశీలన ఉంది. కమసాలి మూసలో బంగారం కరుగుతుంది, చల్లారుతుంది, మళ్ళీ బంగారమే. మూకుడులో నెయ్యి కరుగుతుంది. ఇంకా కాస్తే పొగలు లేచి, నల్లబడి, మాడిపోతుంది. మొదటిది వేడికి చెడని పదార్థం, రెండోది విఘటన చెందే పదార్థం. ఒకే నిప్పు ముందు పెట్టి రెండు పదార్థాల స్వభావభేదాన్ని నిర్ణయించడం పరీక్షాపద్ధతే. కానీ దాని నుంచి తీసిన నిర్ణయం నిలవదు. బంగారం 1064 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగి, 2800 డిగ్రీలు దాటిన తర్వాత మరిగి ఆవిరవుతుంది. కాబట్టి దాని ద్రవత్వం నశించదన్నది మూస వేడికి లోబడిన మాట. పైగా పసుపురంగు, బరువు బంగారానివి కావనడం సిద్ధాంతాన్ని కాపాడుకోవడానికి ప్రత్యక్షాన్ని పక్కన పెట్టడమే. బంగారానికి ఉన్న గొప్ప సాంద్రత, విశిష్టమైన రంగు దాని స్వంత భౌతికధర్మాలు. కుండవిషయంలో గుర్తింపును ప్రమాణంగా పట్టిన తార్కికులు, బంగారంవిషయంలో అంతకంటె స్పష్టమైన ప్రత్యక్షాన్ని సవరించవలసివచ్చింది. ద్రవ్యాలు తొమ్మిదే అన్న నియమం ముందే స్థిరపడడం ఇందుకు మూలం.

6. రసాయనధర్మానికి స్థానం

మార్పుల సంగతి అలా ఉండగా, ధర్మాల సంగతి వేరుగా చూడాలి. నేటి తెలుగు విజ్ఞానపరిభాషలో వాడే 'ధర్మం' దర్శనాల్లోని ధర్మ-ధర్మిభావాన్ని తలపించే మాట. భౌతికధర్మం గుణాల జాబితాలో సులభంగా ఇముడుతుంది. రూపం, గురుత్వం, ద్రవత్వం ఇందుకు నిదర్శనాలు. రసాయనధర్మం అలా ఇమడదు. గంధకం మండుతుందన్నప్పుడు ఇప్పుడు దానిలో కనిపించే గుణాన్ని చెప్పడం లేదు. నిప్పు, గాలి తగిలితే అది ఏమవుతుందో చెబుతున్నాం. అది సామర్థ్యం.

సామర్థ్యాన్ని ప్రత్యేకపదార్థంగా అంగీకరించినవారు మీమాంసకులు. నిప్పుకు దహనశక్తి ఉంది. మణి, మంత్ర, ఔషధాలు దాన్ని అడ్డగిస్తే నిప్పు ఉండీ కాల్చదు. కనుక శక్తి నిప్పుకంటె వేరు అని వారి వాదం. నైయాయికులు దీన్ని ఒప్పుకోలేదు. ప్రతిబంధకం లేకపోవడం కూడా కారణసామగ్రిలో ఒక భాగమని చెబితే చాలునన్నారు. లాఘవం దృష్ట్యా నైయాయికుల సమాధానం మెచ్చదగినది. ఒక మార్పు జరగడానికి వస్తువు ఒక్కటే చాలదు, పరిస్థితులన్నీ కలిసిరావాలన్న అవగాహన అందులో ఉంది. అయితే శక్తిని నిరాకరించడంతో, ఏ పదార్థం దేనితో ఎలా మారుతుందన్న సమాచారాన్ని పదార్థలక్షణంగా నమోదు చేసుకొనే చోటు వారి గుణాల జాబితాలో లేకపోయింది.

పదార్థాలు కలవడంవల్ల కొత్త గుణం పుట్టడమన్న భావం వేరొక చోట స్పష్టంగా కనిపిస్తుంది. ఆకు, వక్క, సున్నం కలిసినప్పుడు వాటిలో దేనికీ లేని ఎరుపు పుట్టినట్లే భూతాల కలయికలో చైతన్యం పుడుతుందని చార్వాకుల ప్రసిద్ధ దృష్టాంతం. ఆత్మవిచారంలో ఇది తీవ్రంగా ఖండనకు గురైంది. దాని తాత్త్విక ఫలితాన్ని అంగీకరించినా మానినా, ఇందులో వేడి ప్రసక్తి లేకుండా, పదార్థాల పరస్పరచర్యనే కారణంగా చూపడం గమనార్హం. వక్కలోని పాలీఫినాల్ పదార్థాలు సున్నపు క్షారగుణంవల్ల ఎరుపెక్కడం రసాయనికమార్పే. ఈ ఒక్క విషయంలో తాంబూలదృష్టాంతం కుండదృష్టాంతం కంటె రసాయనశాస్త్రానికి దగ్గర.

7. తెలుగు క్రియాపదాల సాక్ష్యం

ఈ విభజనను తెలుగులో బోధించేటప్పుడు వాడుకమాటలు ఒకచోట తోడ్పడి, మరొకచోట దారి తప్పిస్తాయి. 'కరగడం' అన్న క్రియ మంచుకూ చెల్లుతుంది, నీటిలో వేసిన ఉప్పుకూ చెల్లుతుంది. మొదటిది ఒకే పదార్థం స్థితి మారడం, రెండోది ఒక పదార్థం మరోదానిలో వ్యాపించడం. పాఠ్యగ్రంథాలు 'ద్రవీభవనం', 'ద్రావణం' అన్న పదాలతో ఈ భేదాన్ని చూపాయి గాని, వాడుకలో ఒకే మాట నిలిచి ఉండడంతో విద్యార్థికి సందేహం తీరదు.

'పేరుకోవడం' దీనికంటె చిక్కైనది. నెయ్యి పేరుకుంటుంది, పెరుగు పేరుకుంటుంది. పేరుకున్న నెయ్యిని వెచ్చచేస్తే మునుపటి నెయ్యి. పేరుకున్న పెరుగును వెచ్చచేస్తే పాలు రావు. తోడులోని సూక్ష్మజీవులు పాలలోని చక్కెరను లాక్టిక్ ఆమ్లంగా మార్చగా, దానివల్ల మాంసకృత్తులు గడ్డకట్టాయి. భాష చూసింది గట్టిపడడాన్ని మాత్రమే. 'పాకం' అన్న మాట కూడా ఇటువంటిదే. లేతపాకం, తీగపాకం, ఉండపాకం అన్న భేదాలు ప్రధానంగా నీరు ఎంత ఆవిరైందన్నదాన్ని బట్టి ఏర్పడినవి. అరిసెల పాకం కుదిరిందో లేదో చూడడానికి చుక్కను నీటిలో వేసి ఉండ కట్టి చూడడం ఆ చిక్కదనానికి పరీక్ష. నీరు పోయి వేడి 160 డిగ్రీలు దాటినప్పుడు పంచదార గోధుమరంగుకు తిరిగి, చేదు వాసన వేయడం రసాయనికమార్పు. ఇక్కడ తెలుగు 'మాడింది' అని వేరే మాట వాడుతుంది. ఎక్కడ మాట మారిందో అక్కడ పదార్థం మారింది.

తోడుకోవడం, విరగడం, పులియడం, మాగడం, కుళ్ళడం, చిలుము పట్టడం వంటి క్రియలన్నీ కొత్త పదార్థం ఏర్పడడాన్ని సూచిస్తాయి. కాగడం, మరగడం, ఆరడం, ఇంకడం, నానడం వంటివి ఎక్కువగా స్థితిభేదాన్నో తేమభేదాన్నో సూచిస్తాయి. ఈ రెండు వర్గాలను విద్యార్థి చేతనే కూర్పించి, 'కరగడం', 'పేరుకోవడం' వంటి సందిగ్ధపదాలను పరీక్షతో నిర్ణయింపజేస్తే, నిర్వచనాన్ని కంఠస్థం చేయించడం కంటె ప్రయోజనం ఎక్కువ.

8. పోలికకు హద్దులు

ప్రాచీన భారతీయ పదార్థవిచారాన్ని ఆధునికశాస్త్రపు వెలుగులో వివరించిన తొలి పండితుల్లో ప్రఫుల్లచంద్ర రాయ్, బ్రజేంద్రనాథ్ సీల్ ప్రముఖులు. సీల్ 1915లో ప్రకటించిన గ్రంథంలో న్యాయవైశేషికుల పాకజప్రక్రియను రసాయనిక సంయోగపరిభాషలో విపులంగా వివరించాడు. వలసపాలనాకాలంలో భారతీయులకు శాస్త్రచింతన లేదన్న అపవాదుకు అది గౌరవప్రదమైన జవాబు. కానీ పరిభాషను మార్చి చెప్పినప్పుడు మూలంలో లేని నిశ్చయం దానికి అంటుకొనే ప్రమాదం ఉంటుంది. 'పాకం' స్థానంలో 'రసాయనచర్య' అని వేస్తే, పాకానికి వేడి తప్ప మరో కారణం నిర్వచనంలో లేదన్న సంగతి మరుగునపడుతుంది. 'పరమాణువు' అన్న మాట రెండుచోట్లా ఒకటే కావడం మరింత భ్రాంతికి తావిస్తుంది.

నిజమైన భేదం పరికరంలో కంటె ప్రమాణంలో ఉంది. గురుత్వాన్ని తార్కికులు గుణంగా అంగీకరించారు. కాల్చక ముందు, కాల్చిన తర్వాత కుండను తూచి, ఆ అంతరాన్ని వాదంలో ఆధారంగా నిలపడం మాత్రం వారి చర్చలో భాగం కాలేదు. 18వ శతాబ్ది చివరి దశాబ్దాల్లో లవాయిజే దహనాన్ని వివరించగలగడానికి కారణం, మూసిన పాత్రలో గాలితో సహా అన్నిటినీ తూచడం. పీలుపాక, పిఠరపాక వాదాలు శతాబ్దాలపాటు తేలకుండా నిలవడానికి యుక్తిలోపం కారణం కాదు. ఏ యుక్తి నిజమో చెప్పగల కొలత వాదంలోకి రాకపోవడమే కారణం.

9. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి:

1. 'తర్కసంగ్రహం', 'దీపిక'ల్లో స్థితి మారడాన్నీ (ద్రవత్వం), గుణం మారడాన్నీ (పాకజరూపాదులు), ఆగంతుకగుణాన్నీ (వేడినీటి స్పర్శ) వేరుచేసిన వివేచన ఉంది. ఇది నిశితమైన పరిశీలన మీద ఆధారపడింది.

2. నైమిత్తిక ద్రవత్వం భౌతికమార్పుకు చాలావరకు సరిపోతుంది. పాకజం మాత్రం రసాయనికమార్పుకు పర్యాయం కాదు. వేడిని ఏకైక కారణంగా నిలపడం, గాలి వంటి ఇతర ద్రవ్యాల పాత్రను విడిచిపెట్టడం, పరమాణువుకే రంగును ఆరోపించడం ఇందుకు అడ్డంకులు.

3. శక్తిని నిరాకరించిన న్యాయమతంలో రసాయనధర్మానికి ప్రత్యేకస్థానం లేదు. మీమాంసకుల శక్తివాదం, చార్వాకుల తాంబూలదృష్టాంతం ఈ విషయంలో ఆలోచనకు తావిస్తాయి. ఒకే దర్శనంలో కాక, దర్శనాల వాదోపవాదాల్లో ఈ భావనను వెతకడం సముచితం.

4. వెనక్కి మళ్ళడం, రంగు మారడం వంటి బాహ్యచిహ్నాలతో మార్పులను విడదీసే నేటి బోధన కూడా కంటిచూపునే ప్రమాణం చేసుకుంటోంది. మైలుతుత్తం, నవాసారం, పసుపు-సున్నం వంటి ఉదాహరణలను తొలినుంచే చేర్చడం అవసరం.

5. 'కరగడం', 'పేరుకోవడం', 'పాకం' వంటి తెలుగు మాటల్లోని సందిగ్ధతను దోషంగా కాక, పరీక్షకు పిలుపుగా వాడుకుంటే పరిభాష, అనుభవం ఒకదానికొకటి తోడవుతాయి.

అన్నంభట్టు గ్రంథానికి దక్కవలసిన గౌరవం దానిలో లేని రసాయనశాస్త్రాన్ని చూపడంవల్ల రాదు. కాలిన కుండ ముందు నిలబడి మారినదేమిటి, మారనిదేమిటి అని అడిగి, ప్రతిపక్షానికి పూర్తి అవకాశమిచ్చి, యుక్తితో జవాబు వెతికిన పద్ధతిలోనే దాని విలువ ఉంది. ఆ ప్రశ్నకు తూకాన్ని, పరీక్షను జతచేసి తరగతిలోకి తీసుకువెళ్తే తెలుగు విద్యార్థికి అటు శాస్త్రమూ ఇటు దర్శనమూ రెండూ జీవమున్న విషయాలుగా అందుతాయి.